కార్యాలయ టెలిఫోను – దోషాన్వేషణము



మండపేటలో వ్యాపారము సగము కంటితోను, సగము చెవితోను జరుగును. ధాన్యమును గుప్పిట బట్టి, ఊది, గింజ విరిచి చూచుట కంటి పని. ఆ ధాన్యమునకు ధర కుదుర్చుట, బియ్యపు లారీకి దారి చెప్పుట, తవుడు కొనువానికి తూకము తెలుపుట, ద్వారపూడి మీదుగా పోయిన సరకు ఎంతవరకు చేరినదో కనుగొనుట, ఇవన్నియు చెవి పనులు. రైసుమిల్లు ఆఫీసులోగాని, ఇటుకల వర్తకుని గదిలోగాని, తాపేశ్వరమునకు పోయి చూచినచో మడతకాజాలను ఊరూరికి పంపు దుకాణములోగాని, ఒకనాడు బల్లపై ఒక్క టెలిఫోను ఉండెడిది. నేడు గోడకు ఒక చిన్న పెట్టె, దానికి బయటినుండి వచ్చు రెండో మూడో లైన్లు, దానినుండి గుమాస్తాకు, యజమానికి, తూకపు గదికి, గిడ్డంగికి, గేటు దగ్గరి కాపలావానికి పోవు తీగెలు, ఇట్లు ఒక చిన్న ఎక్స్ఛేంజియే ఆ కప్పు క్రింద కాపురమున్నది. దానినే మనము ఇంటర్‌కమ్ అనుచున్నాము, తెలిసినవారు ఇ.పి.ఏ.బి.ఎక్స్. అందురు.

అది చక్కగా నడచినంతకాలము దానివైపు చూచువారుండరు. మాట ఆగిన నాడు మాత్రము ఆఫీసంతయు అల్లకల్లోలమగును; మెకానిక్కునకు కబురు పోవును; ఆ కబురులో "ఫోన్లు పని చెయ్యట్లేదండి, తొందరగా రండి" అను రెండు ముక్కలు తప్ప మరియొక సమాచారముండదు. నేనీ ప్రసంగమునందు చెప్పదలచినది ఒక్కటే. అట్టి దోషము బాగగుట, ఆ ఆఫీసులో కూర్చున్నవారు దానిని శ్రద్ధగా విని, ఉన్నదున్నట్లు చెప్పుటతోనే మొదలగును. ఎన్ని ఫోన్లు ఆగినవి, అన్నియునా ఒకటియా, బయటికి పోవుట లేదా లోపలికి వచ్చుట లేదా, చెవికి ఏమి వినబడుచున్నది, ఏ వేళ మొదలయ్యెను, ఈ సంగతులు తెలిసినవానికి సగము దారి గడచినట్లే.

పూర్వకాలమున ఈ వినుట అను పని యంత్రము వద్ద కూర్చున్న మనిషి చేసెడిది. మన దేశమున టెలిఫోను ఎక్స్ఛేంజీలు 1882 జనవరిలో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరములయందు తెరువబడినవి. అప్పుడు ఒకరి లైనును మరియొకరి లైనుతో చేతితో కలుపుచుండెడివారు. లైనులో గరగర పుట్టినను, మాట సన్నగిల్లినను, ముందుగా వినునది ఆ ఆపరేటరు చెవియే. కాన్సాస్ సిటీలో శవసంస్కారములు జరిపించు వృత్తిలోనుండిన ఆల్మన్ స్ట్రౌజర్ అను నతడు, మనిషి చేయి లేకయే లైన్లను కలుపు యంత్రమునకు 1891లో పేటెంటు పొందెను. మన దేశమునకు ఆ స్వయంచాలిత విధానము 1913–14 ప్రాంతమున సిమ్లాలో 700 లైన్లతో వచ్చినది. అప్పటినుండి కలుపుట యంత్రము పాలయ్యెను. వినుట మాత్రము ఎవరికిని చెందని పనియై మిగిలిపోయెను. ఆ పనిని మరల మన చేతిలోనికి తీసికొనవలెనని నా కోరిక.

ఇక్కడ మరియొక చారిత్రక విశేషము మనబోటి ఊళ్లవారు జ్ఞాపకముంచుకొనదగినది కలదు. టెలిఫోను పరిశోధనకై 1984లో స్థాపింపబడిన సి-డాట్ సంస్థ, పల్లెల కొరకు 128 లైన్ల ఎక్స్ఛేంజిని నిర్మించి, 1986లో కర్ణాటకమునందలి కిత్తూరులో మొదటిదానిని నెలకొల్పెను. చలువ యంత్రము లేని గదిలో, దుమ్ములో, ఉక్కలో నిలిచి పని చేయుటకై అది రూపొందింపబడినది. యంత్రము మన గాలికి, మన నేలకు ఓర్చుకొనవలెనని ముందే తలచి చేసిన ఆ ఇంజనీర్ల దూరదృష్టిని నేను మిక్కిలి గౌరవింతును. ఏలయన, మన ఆఫీసులలో టెలిఫోనునకు కలుగు రోగములలో పెక్కు యంత్రము కడుపులో పుట్టినవి కావు; గాలినుండి, నీటినుండి, దుమ్మునుండి, పిడుగునుండి వచ్చినవి.

ఇక అన్వేషణ మార్గమునకు వత్తము. మాట ప్రయాణించు త్రోవ దీర్ఘమైనది. ఎక్స్ఛేంజినుండి భూమిలోని కేబులు, వీథిలో లైన్లను ఇండ్లకు పంచు డి.పి. పెట్టె, అచ్చటినుండి గోడవరకు వచ్చు తీగె, మన ఇంటర్‌కమ్ పెట్టె, దాని ప్రక్కన తీగెల జతలను వరుసగా బిగించిన క్రోన్ పలక, అచ్చటినుండి గదిగదికి పోవు తీగెలు, గోడమీది చిన్న పెట్టె, దానినుండి ఫోను వరకు త్రాడు, ఫోనునుండి చేతిలోని రిసీవరు వరకు చుట్టల త్రాడు, ఇన్ని మజిలీలు కలవు. శివారు పొలమునకు నీరందనప్పుడు మన రైతు ధవళేశ్వరమునకు పరుగెత్తడు; తన బోదె వెంట నడచి, తూము దగ్గర నీరున్నదా అని చూచి, ఉన్నచో తూమునకు ఇవతల, లేనిచో అవతల అడ్డున్నదని నిశ్చయించుకొనును. టెలిఫోనునందును చేయవలసినది ఇదియే. త్రోవను నడుమ ఖండించి, మాట అంతవరకు వచ్చుచున్నదా లేదా అని చూడవలెను. ఇందుకు కావలసిన పనిముట్టు ఒక మామూలు టెలిఫోను. బయటి లైను మన ఇంటర్‌కమ్ పెట్టెలో ప్రవేశించు చోట దానిని విప్పి, ఆ రెండు తీగెలకు ఈ మామూలు ఫోనును నేరుగా తగిలించి వినుడు. డయల్ టోను వచ్చెనా, బయటి లోకము నిర్దోషి. దోషము మన గోడల లోపలనే కలదు. రాలేదా, మీ పెట్టెను విప్పి కెలుకుట వృథాశ్రమ, టెలిఫోను కంపెనీవారికి తెలియజేయుడు. ఈ ఒక్క పరీక్ష చేయక, బాగుగానున్న ఇంటర్‌కమ్ పెట్టెలను విప్పించి, కార్డులు మార్పించి, డబ్బు పోసిన ఆఫీసులను నేనెరుగుదును.

లోపలి దోషమునకును ఇట్టి మార్గమే. ఒక్క ఫోను మాత్రమే మూగవోయినచో, దానిని తీసి ప్రక్కగదిలోని ఫోనుతో మార్చి చూడవలెను. రోగము ఫోను వెంట పోయెనా, ఫోనుదే తప్పు. ఆ గదిలోనే నిలిచెనా, తీగెదో, పెట్టెలోని ఆ స్థానముదో తప్పు. పిమ్మట క్రోన్ పలక వద్ద ఆ జతను వేరొక స్థానమునకు మార్చినచో ఆ రెండింటిలో ఏదో కూడ తేలిపోవును. మాట వచ్చుచు పోవుచు తెగిపడుచున్నచో, తొట్టతొలుత చుట్టల త్రాడును పట్టుకొని, మాట్లాడుచునే నెమ్మదిగా కదపవలెను. ప్రతిదినము మెలిపడి లాగబడు ఆ త్రాడులో సన్నని రాగి తంతువులు లోలోపల తెగిపోవుచుండును. అది చౌక వస్తువు. దానికై యంత్రమునంతయు శంకింపవలసిన పని లేదు.

కొలిచి చూడదలచినవారికి కొన్ని సంఖ్యలు. రిసీవరు పెట్టియున్నప్పుడు లైనుపై సుమారు 48 వోల్టుల ఒత్తిడి ఉండును. రిసీవరు ఎత్తగనే అది పది వోల్టులకు లోబడి దిగిపోవును. ఎత్తకయే దిగియున్నచో రెండు తీగెలు ఎక్కడనో ఒకదానినొకటి తాకుచున్నవని అర్థము. అసలేమియు లేకున్నచో తీగె తెగినది. గంట మ్రోగునప్పుడు మాత్రము డెబ్బది అయిదు వోల్టుల ప్రాంతమున ఊగు విద్యుత్తు ఆ తీగెలమీద వచ్చును. తడిచేతులతో వాటిని పట్టుకొనరాదు. నిచ్చెన మీద నిలిచి పని చేయువానికి అది ప్రాణాపాయము కాకున్నను, ఉలికిపాటున పడిపోవుటకు చాలును.

ఒక ధాన్యపు వర్తకుని ఆఫీసులో జరిగినది చెప్పెదను. వానకాలము. తూకపు గది ఫోనులో ప్రతిదినము ఉదయము గరగరమను చప్పుడు, మాట వినరాదు. యజమాని ఫోను మార్పించెను, గుణము కనబడలేదు. అక్కడి గుమాస్తా నెమ్మదియైన మనిషి, ఆయన నాతో అన్న మాటలు ఇవి: "పొద్దుట పూట గరగరలాడిపోతదండి. ఎండ బాగా కాసి, మజ్జానం పన్నెండు దాటితే శుభ్రంగా మాటాడతదండి. నిన్న ముసురు పట్టిందికదండి, సాయంత్రం దాకా అలాగే ఉందండి." ఇంతకంటె మంచి ఫిర్యాదు నేను వినలేదు. వేళ చెప్పెను, వానను చెప్పెను, ఎండను చెప్పెను. వీని మూడింటినిబట్టి తడి ఉన్నదనియు, ఆ తడి ఎండ తగులు గోడమీదనే ఉన్నదనియు తెలిసిపోయినది. ఆఫీసు వెనుక, మిల్లువైపు గోడకు ఆరుబయటనున్న చిన్న పెట్టె మూత తీసితిమి. లోపల తవుడు దుమ్ము నూనెజిడ్డుతో గడ్డకట్టి, రెండు మరల నడుమ వంతెనవలె పేరుకొనియుండెను. ఒక మర మీద ఆకుపచ్చని చిలుము దట్టముగా పట్టియుండెను. మూలలో చీమలు పుట్టమన్ను తెచ్చి పోసికొనినవి. తీగె పైనుండి సూటిగా పెట్టెలోనికి దిగుచుండెను గనుక, వాననీరు తీగె వెంట జారి నేరుగా మరలమీదికే వచ్చుచుండెను.

తవుడు దుమ్ము రాత్రి తేమను పీల్చుకొనును; తడిసిన దుమ్ము గుండా విద్యుత్తు ఒక తీగెనుండి మరియొక తీగెకు కొద్దికొద్దిగా కారిపోవును; ఆ కారుటయే మనకు గరగరగా వినబడును. మధ్యాహ్నపుటెండకు దుమ్ము ఆరును, చప్పుడు అణగును. ఈ కారుట వలన రాగి కూడ తినివేయబడును. టెలిఫోను ఎక్స్ఛేంజీలవారు బ్యాటరీ ధనధ్రువమును భూమికి కలిపి, తీగెపై ఋణవిద్యుత్తును ఉంచుటకు కారణమిదియే. భూమికంటె ఋణమైయున్న రాగి తేమలో అంత త్వరగా క్షయింపదు. నూరేండ్లకు పైగా భూమిలోని కేబుళ్లు బ్రదికినవన్నచో ఈ చిన్న నిర్ణయమునకు అందులో పెద్ద పాలు కలదు. ఆ పెట్టెను తీసివైచి, చిలుము పట్టినంతమేర తీగెను కత్తిరించి, మెరయుచున్న క్రొత్త రాగిని బయటపెట్టి, కొత్త పెట్టెలో బిగించి, తీగెను పెట్టెకు జానెడు దిగువకు వంచి, మరల పైకి తెచ్చి, క్రింది రంధ్రముగుండా లోనికి చొప్పించితిమి. ఇక వాననీరు ఆ వంపుననే బొట్టుబొట్టుగా నేలకు రాలిపోవును. ఖర్చు స్వల్పము. ఆ గుమాస్తా చెప్పిన మాటలు లేకున్నచో మేము లోపలి గదులలోని తీగెలను లాగుచు ఒక దినమంతయు గడిపియుందుము.

పనివారికి ఒక మనవి. క్రోన్ పలకలో తీగెను దానికై చేసిన పనిముట్టుతోనే దింపవలెను. స్క్రూడ్రైవరు కొనతో నొక్కినచో ఆ నాటికి మాట వచ్చును గాని, లోపలి సన్నని కోర వెడలుపై తీగెను వదలివేయును. రెండు నెలలకు మరల పిలుపు వచ్చును.

పిడుగును గూర్చి చెప్పక తప్పదు. చైత్రవైశాఖములలో సాయంత్రపు గాలివానలతో వచ్చు పిడుగులు నేరుగా తీగెపై పడనవసరము లేదు. దూరమున పడినను తీగెలో ఒత్తిడి పుట్టి, ఇంటర్‌కమ్ పెట్టెలోని బయటి లైను కార్డును కాల్చివేయును. దానిని నివారించుటకు లైను లోనికి వచ్చుచోట వాయువు నింపిన చిన్న గొట్టములను అమర్తురు. ఒత్తిడి మితిమీరగనే అవి విద్యుత్తును భూమిలోనికి మళ్లించును. కాని మళ్లించుటకు భూమి ఉండవలెను గదా! ఎర్తు తీగె లేని రక్షణ గొట్టము ఉన్నను లేనట్లే. మన డెల్టా నేలలో నీరు పైననే ఉండును గనుక ఎర్తు సులభముగా కుదురును. అయినను కాలువలు కట్టిన వేసవి నెలలలో ఎర్తు గుంట ఎండిపోకుండ నీరు పోయించుట ఎవరో ఒకరి బాధ్యతగా నియమింపవలెను. పిడుగే కాదు, గాలియు తీగెలకు శత్రువే. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను రాత్రి, కొబ్బరిచెట్లు స్తంభముల మీదను తీగెల మీదను కూలి, ఊళ్లకు ఊళ్లు మాటకు దూరమైన సంగతి మన జిల్లావారు మరువరు.

గాలివానకు కరెంటును పోవును గనుక, ఆ సందర్భముననే కరెంటు విషయము చెప్పెదను. ఎక్స్ఛేంజిలో రెండేసి వోల్టుల సెల్లులు ఇరువదినాలుగింటిని వరుసగా కూర్చి 48 వోల్టులు నిలుపుదురు. అందువలననే వెనుకటి రాగి లైనుమీద, ఊరిలో దీపములారిపోయినను, ఫోను పలుకుచుండెడిది. మన గోడమీది ఇంటర్‌కమ్ పెట్టెకు అట్టి అండ లేదు; కరెంటు పోయినచో అదియు పోవును. అయితే పెక్కు పెట్టెలలో ఒక ఏర్పాటు కలదు. కరెంటు పోగానే ఒక బయటి లైను తానంతట తాను ఒక నిర్ణీతమైన ఫోనునకు కలియును. ఆ ఫోను ఏదో తెలియక, ఆపత్సమయమున ఆఫీసంతయు మూగవోయినదని దిగులుపడిన వారిని చూచితిని. మీ పెట్టెలో ఆ ఏర్పాటున్నదా, ఉన్నచో అది ఏ గది ఫోనో కనుగొని, ఆ ఫోనుపై ఒక చీటీ అంటింపుడు. జనరేటరుమీద నడపువారు నడుమ యు.పి.ఎస్. ఉంచుట మేలు, మిల్లు మోటారు ఎక్కిన క్షణమున వోల్టేజి కూలుటచే పెట్టె నివ్వెరపోయి, తిరిగి మొదటినుండి లేచుచుండును. "మోటారు వేసినప్పుడల్లా ఫోన్లు తెగిపోతున్నాయండి" అని ఎవరైన గమనించి చెప్పినచో వెదకవలసిన పనియే లేదు.

వర్తకులకు మిక్కిలి నష్టము కలిగించు దోషము వేరొకటి. బయటివారికి మన నంబరు ఎప్పుడును ఎంగేజి. లోపల చూడబోయినచో ఎవరును మాట్లాడుట లేదు. ధాన్యము మార్కెట్టునకు వచ్చు రోజులలో ఇది రెండు గంటలు సాగినచో ఎన్ని బేరములు తప్పిపోవునో ఆ వ్యాపారమున నున్నవారే చెప్పవలెను. ముందుగా గది గదికి పోయి, ఏ రిసీవరైన కాగితముల కట్టపై ఒరిగియున్నదేమో చూడుడు. అది కాదన్నచో కారణము కొంచెము సూక్ష్మము. అవతలివాడు ఫోను పెట్టివేసిన సంగతి మన పెట్టెకు సాధారణముగా తెలియుట, లైనులో వచ్చు ఎంగేజి టోనును అది గుర్తించుటవలననే. మన దేశమున ఆ టోను 400 హెర్ట్జుల ధ్వని, ముప్పాతిక సెకను మ్రోగి, ముప్పాతిక సెకను ఆగుచుండును. విదేశమునందు తయారై, ఆ దేశపు టోనునకు అమర్పబడి వచ్చిన పెట్టె మన టోనును గుర్తింపక, ఇంకను సంభాషణ జరుగుచున్నదని నమ్మి లైనును పట్టుకొనియే యుండును. దేశమును సరిగా నిర్ణయించు ఒక్క అమరికతో ఇది తీరును. ఒక గదినుండి వేరొక గదికి పిలుపును మార్చబోవగా తెగిపోవుట కూడ ఇట్టిదే. ఫ్లాష్ మీట నొక్కగనే లైను ఒక్క క్షణము తెగి కలియును. ఆ క్షణము ఎంతయో ఫోనుకును పెట్టెకును ఏకాభిప్రాయము లేకున్నచో, పెట్టె దానిని గమనింపకపోవును, లేదా ఫోను పెట్టివేసినారని తలచును.

నేడు రాగి తీగెల స్థానమున గాజు తీగెలు వచ్చుచున్నవి. మాటను సెకనునకు 8000 మార్లు కొలిచి, ఆ కొలతలను అంకెలుగా పంపుచున్నారు. గరగర పోయినది, చిలుము పోయినది. కాని కొత్త రోగములు వచ్చినవి. వానిలో ప్రధానమైనది ఏకపక్ష సంభాషణ: మన మాట వారికి వినబడును, వారి మాట మనకు రాదు. పిలుపునకు సంబంధించిన సమాచారమొక దారిని, కంఠధ్వని మరియొక దారిని ప్రయాణించుటచే, గంట మ్రోగినను, ధ్వని మాత్రము మన రూటరు వాకిట నిలిచిపోవచ్చును. అట్టివేళ ఫోనును కొట్టి, గట్టిగా అరచుట వలన ప్రయోజనము లేదు. రూటరును చూచువానిని పిలువవలెను. ఇచ్చటను మన పాత మార్గమే పనికివచ్చును. గదినుండి గదికి మాట రెండువైపుల చక్కగా పోవుచున్నదా? పోవుచున్నచో లోపలి తీగెలు నిర్దోషులు, దోషము వాకిట ఉన్నది. మాట ఆలస్యముగా వచ్చి ఇరువురు ఒక్కసారే మాటాడి ఆగుచున్నచో, ఆలస్యము 150 మిల్లీసెకన్లు దాటినదేమో కొలిపింపవలెను. మరియు ఎక్స్ఛేంజి బ్యాటరీ ఇక మన ఫోనును పోషింపదు గనుక, గాజు తీగె చివరనున్న చిన్న పెట్టెకును యు.పి.ఎస్. తప్పనిసరి.

ఇన్ని సంగతులును జ్ఞాపకముంచుకొనుట ఆఫీసువారికి సాధ్యము కాదని నాకు తెలియును. వారు చేయదగిన రెండు పనులు మాత్రము చెప్పి ముగింతును. ఒకటి, ఆవర్జాల ప్రక్కన ఒక చిన్న పుస్తకము: తేది, వేళ, ఏ ఫోను, ఏమి వినబడెను, వానయా ఎండయా, కరెంటుండెనా, ఎవరు వచ్చి ఏమి చేసిరి. రెండవది, క్రోన్ పలక మూత లోపల అంటించిన ఒక కాగితము: మొదటి జత ఏ గదిది, రెండవది ఏ గదిది, ఏది ఖాళీ, బయటి లైన్లు ఏ స్థానమున దిగుచున్నవి. ఫోనును ఒక గదినుండి మరియొక గదికి మార్చిన ప్రతిసారి ఆ కాగితమును కూడ మార్చి, మార్చిన తేదిని ప్రక్కన వ్రాసి, పైన పారదర్శకమైన టేపు వేయించుడు. తవుడు దుమ్ము పడినను తుడిచి చదువుకొనవచ్చును.